నాలుగొందల పన్నెండో సీసా

స్వంతదారులు వచ్చి అడగని ఆస్తుల మీద ప్రభుత్వానికి ఉన్నట్టుండి అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో పేర్రాజుకి బోధపడలేదు. పదిహేనేళ్ళున్న గడువుని ఒక్క కలం పోటుతో మూడేళ్ళకి కుదించేశారు. బ్యాంకు లాకర్లు, గోదాముల్లో పడున్న సామాన్లు, చివరికి మనుషుల జ్ఞాపకాలు కూడా అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. మూడేళ్ళపాటు స్వంతదారు స్వయంగా పలకకపోతే, ఆ వస్తువు వివరం ప్రభుత్వానికి తెలపాలి. స్వంతదారుకి నోటీసు పంపాలి. నోటీసు అందిన తొంభై రోజుల్లో కూడా పలుకు లేకపోతే, దాన్ని గడువు తీరిన వస్తువు కింద నాశనం చేసెయ్యాలి. చట్టం చేసిన పెద్దలకి ఒక్క సంగతి తట్టలేదు. కాకినాడ పోర్టు రోడ్డులోని స్మృతి నిక్షేప కేంద్రానికి స్వంతదారులెవరూ రారు. తాము అక్కడ ఒకటి దాచామన్న సంగతే వాళ్ళకి గుర్తుండదు మరి.

ఆ కేంద్రంలో పేర్రాజు రికార్డు కీపరు. అక్కడ జరిగే పని చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. మోయలేని జ్ఞాపకం ఉన్న మనిషిని డాక్టర్ ఝాన్సీ కుర్చీలో కూర్చోబెట్టి, తలకి సన్నటి తీగల టోపీ తొడుగుతుంది. "మొదట్నుంచీ చెప్పండమ్మా" అంటుంది. మనిషి చెబుతూ ఉంటే, చెప్పిన ముక్క చెప్పినట్టే తలలోంచి జారి, పక్కనున్న చిటికెన వేలంత గాజు సీసాలోని జిగురులోకి దిగుతుంది. ఏడుస్తూ మొదలుపెట్టినవాళ్ళు సగానికొచ్చేసరికి ఎందుకు ఏడుస్తున్నారో తెలియక కళ్ళు తుడుచుకుంటారు. చివరికి "ఏదో చెబుతున్నానండీ, ఏంటో మర్చిపోయాను" అని సిగ్గుపడి నవ్వుతారు. ఆ సీసాకి నంబరు వేసి పేర్రాజు చలిగదిలో పెడతాడు. దానికి నకలు ఉండదు. అందులో ఉన్నది ఎవరి తలలోకైనా ఎక్కించవచ్చు గానీ ఒక్కసారే. ఆ తర్వాత సీసాలో మిగిలేది ఉత్త జిగురు.

నాలుగొందల పన్నెండో సీసా పేర్రాజు భార్య సత్యవేణిది. అందులో ఉన్నది లోవ, వాళ్ళ కూతురు. ఆరేళ్ళ పిల్ల. నాలుగేళ్ళ కిందట జ్వరంతో ఒక్క రోజులో పోయింది.

పిల్ల పోయిన నెలకి సత్యవేణి తనంతట తానే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. పేర్రాజు వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి గదమాయించాడు కూడా. ఆవిడ వినలేదు. ఆ మధ్యాహ్నం కుర్చీలోంచి లేచి, గుమ్మంలో నిలబడ్డ భర్తని చూసి, "ఏంటండీ, అలా చిక్కిపోయారు?" అని అడిగింది. అప్పట్నుంచి వాళ్ళు పిల్లల్లేని దంపతులు. పేర్రాజు సామర్లకోటలో ఇల్లు ఖాళీ చేసి, తెలిసినవాళ్ళు ఎవరూ లేని వీధిలో అద్దెకి దిగాడు. గౌన్లు, పలక, చెవుల పోగులు అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాడు. పొట్ట మీద కోత మచ్చ గురించి ఆవిడ అడిగితే, గడ్డ ఆపరేషనని చెప్పాడు. సత్యవేణి మళ్ళీ తింటోంది, నిద్రపోతోంది, కుట్టుమిషను తొక్కుతూ కూనిరాగాలు తీస్తోంది. కూతురు కోసం ఏడవాల్సిన ఏడుపు ఇద్దరి వంతూ పేర్రాజే ఏడ్చాడు, అదీ ఆఫీసులోనే. ఇంటి కోసం తానొక్కడే ఇంత మోస్తున్నానని అతనికి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. అలాంటి గర్వం లేకపోతే మనిషి అంత మొయ్యలేడు కూడా.

కొత్త రూలు ప్రకారం నోటీసులు తయారయ్యాయి. నాలుగొందల ఎనభై ఉత్తరాలు. రిజిస్టర్డు పోస్టులో వెళ్ళాయి. మర్నాడు పదకొండింటికి పోస్టుమాన్ సంచీ మోసుకుంటూ వచ్చి, బల్ల మీద బోర్లించాడు.

"ఏంటండీ ఇది? మీరే పంపి మీరే తీసుకుంటారా? ఆయ్, సరదాగానే ఉంది గానండీ, నా భుజం పడిపోయింది. సంతకాలెట్టండి."

తప్పు పోస్టుమాన్‌ది కాదు. ఇలాంటి తప్పు ప్రపంచంలో ఈ కేంద్రం వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. సీసా దాచేటప్పుడు స్వంతదారు చిరునామా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. ఇంటి చిరునామా రాస్తే, ఎప్పుడైనా ఒక కాగితం ఇంటికి పోయి, మర్చిపోయిన మనిషి చేతిలో పడుతుందేమోనని భయం. అందుకని బంధువులందరిచేతా ఆ గడిలో కేంద్రం చిరునామాయే రాయించేవారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. జాలితో మొదలై ఆనవాయితీ అయిపోయింది. మొదలుపెట్టింది పేర్రాజే. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా అదేమిటని అడగలేదు, పైగా దణ్ణాలు పెట్టారు.

పేర్రాజు అలవాటుగా కలం తీసి, మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగొందల ఎనభై సంతకాలూ పెట్టేశాడు. చివరి సంతకం పూర్తయ్యేసరికి డాక్టర్ ఝాన్సీ గదిలోకి వచ్చింది. బల్ల మీది కుప్ప చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"పెట్టేశారా పేర్రాజు గారూ?"

"మన అడ్రసుకేనండీ వచ్చాయి. తిప్పి పంపితే మళ్ళీ మనకే వస్తాయి కదండీ."

"చివరికి తెలిసిన చిరునామాలో ఎవరు సంతకం పెట్టినా స్వంతదారుకి అందినట్టేనండీ. కొత్త రూల్లో అదే ఉంది. తొంభై రోజులూ ఇప్పుడు మొదలయ్యాయి."

పేర్రాజు కలం మూత పెట్టబోయాడు. అతని చేతి కింద ఉన్న కవరు మీద సత్యవేణి పేరుంది.

ఆ తర్వాత డాక్టర్ ఝాన్సీ పైవాళ్ళకి మూడు ఉత్తరాలు రాసింది. చలిగదికి కరెంటు దండగ అవుతోందని, చట్టం అందరికీ ఒకటేనని, ఒకే వాక్యంతో మూడింటికీ జవాబొచ్చింది. చేసేది లేక పేర్రాజు ఒక్కొక్క బంధువుకీ ఫోను చేసి రప్పించడం మొదలుపెట్టాడు. మొట్టమొదట వచ్చినవాడు అబ్బులు. ముసలాయన, ఆటో తోలతాడు. పడవ బోల్తాపడి కొడుకు పోతే, ఆయన భార్య ఆ కొడుకుని తీసుకొచ్చి ఇక్కడ దాచింది. ఏటా కొడుకు పుట్టినరోజుకి అబ్బులు వచ్చి, చలిగది అద్దంలోంచి ఆ సీసాని చూసి వెళ్ళేవాడు.

"ఏడాదికోపాలి వచ్చి చూసెళ్తన్నాను కదండీ. రిజిష్టర్లో నా ఏలిముద్ర ఉంది. అది లెక్కలోకి రాదా?"

"రాదు అబ్బులు గారూ. స్వంతదారే రావాలంట. ఆవిడకి చెప్పి తీసుకొస్తే తిరిగి ఆవిడ తలలో పెడతారు. లేదా ఆవిడ మీ పేర రాసిస్తే మీరు తీసుకోవచ్చు. రెండూ కాకపోతే..."

"పారేత్తారు."

"అవునండి."

అబ్బులు తువ్వాలుతో మొహం తుడుచుకుని, చాలాసేపు అద్దంలోకి చూశాడు. "పొద్దున వచ్చేటప్పుడు మా ఆవిడ పక్కింటోళ్ళతో పరాచికాలాడి నవ్వుతోందండి. ఆ నవ్వు చెడగొట్టి ఏం బావుకుంటాను? పారేయండి బాబూ" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, "నొప్పి తెలీకుండా పోద్దా అండీ, ఆడికి?" అని అడిగాడు. పోతుందని పేర్రాజు చెప్పాడు. అది అబద్ధమో నిజమో అతనికే తెలియదు.

అబ్బులంత ధైర్యం పేర్రాజుకి లేదు. లోవ పుట్టినప్పుడు అతను ట్రైనింగులో ఉన్నాడు. మొదటి అడుగు వేసినప్పుడు డ్యూటీలో ఉన్నాడు. పిల్ల రోజంతా ఏం మాట్లాడేదో, ఎలా అలిగేదో, అమ్మ దగ్గర ఏం గారాలు పోయేదో అతనికి తెలిసింది పావు వంతు. మిగతా ముప్పావు వంతు లోవ ఆ చిటికెన వేలంత సీసాలో ఉంది. కరెంటు ఆపితే ఆ పిల్ల రెండోసారి పోతుంది, ఈసారి పూర్తిగా. కాపాడాలంటే సత్యవేణికి చెప్పాలి. చెబితే నాలుగేళ్ళ కిందట నేల మీద పడి పొర్లిన సత్యవేణి మళ్ళీ వస్తుంది. ఈ రెంటి మధ్యా నలిగి ఎనభై రెండు రోజులు గడిపేశాడు. ఎనభై మూడో రోజు ఆదివారం.

సత్యవేణి పెరటి అరుగు మీద రొయ్యలు వలుస్తోంది. పేర్రాజు వచ్చి పక్కన కూర్చుని, కవరు ముందు పెట్టాడు. ఆవిడ చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని, కాగితం మడత విప్పి రెండుసార్లు చదివింది.

"నా పేరే ఉందండీ. మీ ఆఫీసులో నేను దాచానా? ఏం దాచాను?"

"నాలుగేళ్ళయింది."

"మీకు తెలుసా అందులో ఏముందో?"

"తెలుసు. చెప్పమంటావా?"

ఆవిడ గిన్నెలో రొయ్యల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, "నన్నెవరైనా బలవంతపెట్టారా?" అని అడిగింది.

"లేదు. నువ్వే వచ్చావు. నేను వద్దన్నాను కూడా."

"అయితే నాకొద్దండి. దాచినావిడకి తెలుసు కదా ఏం దాస్తోందో. నాకేం తెలుసని ఆవిడ మాట కాదంటాను?"

పేర్రాజు ఇంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు. "అందులో నువ్వు ప్రాణం పెట్టుకున్న మనిషి ఉంది, వేణీ" అన్నాడు.

సత్యవేణి తలెత్తి భర్త మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో భయం కనిపించింది. చిన్నపిల్లలు చీకటి గది వైపు చూసినట్టు చూసింది.

"అంత ప్రాణం పెట్టుకున్న మనిషిని కూడా వదిలేసుకున్నానంటే, ఎంత తట్టుకోలేకపోయి ఉంటానండీ? మళ్ళీ నన్నక్కడికి పంపకండి. మీకు పుణ్యముంటుంది."

ఇంకేం చెబుతాడు? ఆవిడ లోపలికెళ్ళి, బ్లౌజు కొలతలు రాసుకునే పెన్ను తెచ్చి, కింద ఉన్న గడులు చదివింది. ఎవరికి వదులుకుంటున్నారు అన్నచోట ఆగింది.

"మీ పేరు రాసెయ్యనా?"

"రాయి."

"మీరు తట్టుకుంటారా మరి?"

"నాలుగేళ్ళుగా తట్టుకుంటూనే ఉన్నాను" అన్నాడు పేర్రాజు. ఆ మాటలో ఉన్న గర్వం ఆవిడకి అర్థం కాలేదు. కాగితం మీద రొయ్యల నీళ్ళు పడకుండా జాగ్రత్తగా పట్టుకుని, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. కన్నకూతుర్ని రాసిచ్చేశానని ఆవిడకి తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ కాగితం తీసుకుని పెరట్లోంచి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు డాక్టర్ ఝాన్సీ ఆ కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వద్దండీ పేర్రాజు గారూ."

"ఎందుకండీ?"

"ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పింది నేను బయట పెట్టకూడదు. వద్దని మాత్రమే చెప్పగలను."

"నా కూతురండీ."

"తెలుసు" అంది ఆవిడ. కాసేపు నిలబడి, అతను కదలకపోయేసరికి, టోపీ తీసుకొచ్చి తొడిగింది.

మొదట వాసన వచ్చింది. ఆస్పత్రి ఫినాయిలు, చెమట, వాటిలోంచి పచ్చి పాల వాసన. తర్వాత పొట్ట కింద మంట. మంటని మించి, గుండెల మీద వెచ్చగా, తడిగా, ఒక బరువు. పేర్రాజు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. తనది మగ ఒళ్ళని అతను మర్చిపోయినట్టయింది. లోవ నోరు తెరిచి వెతుక్కుంటోంది. దొరికింది. ఆ లాగుడుకి వెన్నులోంచి ఏదో జలజలా దిగినట్టయి, అతను గట్టిగా నవ్వేశాడు. ఆ తర్వాత లోవ వరసగా వచ్చింది. నిద్రపోవాలంటే అమ్మ చెవి తమ్మె పట్టుకోవాల్సిందే. మొహం కడుక్కోకుండానే కడుక్కున్నానని చెప్పి, నమ్మించడానికి జుట్టు తడుపుకుని వచ్చేది. బియ్యంలో రాళ్ళేరుతుంటే రాళ్ళని పక్కన దాచి, వాటికి పేర్లు పెట్టేది. నాన్న ఆఫీసులో ఏం చేస్తాడని ఎవరో అడిగితే, "మనుషుల ఏడుపులు దాచి తాళమేస్తాడు" అంది. ఇంత మాట తన కూతురు అన్నదని పేర్రాజుకి అంతవరకూ తెలియదు. ఏడుస్తూ, నవ్వుతూ, ఇంకా కావాలనుకున్నాడు. ఇంత సంతోషం నాలుగేళ్ళుగా చలిగదిలో పడుందా అనుకున్నాడు.

ఆ తర్వాత జ్వరం రోజు వచ్చింది.

పేర్రాజుకి ఆ రోజు బాగానే గుర్తుంది. పొద్దున పదింటికి సత్యవేణి ఫోను చేసింది. ఆఫీసులో తనిఖీ ఉంది. "ఎక్కువైతే ఆస్పత్రికి తీసుకెళ్ళు, నేను సాయంత్రం వస్తాను" అన్నాడు. ఎన్నోసార్లు తలుచుకున్న మాట అది. తను చెప్పాల్సింది చెప్పాడు. పిల్లకి అంత హఠాత్తుగా ముదురుతుందని ఎవరు మాత్రం అనుకున్నారు?

ఇప్పుడు ఆ ఫోను సత్యవేణి చెవి దగ్గరుంది. ఒళ్ళో లోవ కాలిపోతోంది. అవతల నుంచి తన గొంతే వినపడింది, విసుగ్గా.

"నువ్వు ప్రతిదానికీ కంగారు పడతావు. నేనొచ్చేదాకా ఇంట్లోంచి కదలకు. పోయినసారి కూడా ఇలాగే పరిగెత్తి నలుగురిలో నవ్వులపాలయ్యాం."

ఎక్కువైతే తీసుకెళ్ళమన్న మాట అందులో ఎక్కడా లేదు. పేర్రాజు దాని కోసం వెతికాడు. ఆ మాట అతనికి అతనే తర్వాత్తర్వాత కల్పించుకుని, తలుచుకుని తలుచుకుని నిజం చేసుకున్నాడు. సీసాలో ఉన్నది మాత్రం అన్న రోజున అన్నట్టే ఉంది.

సత్యవేణి కదల్లేదు. మొగుడు కదలొద్దన్నాడు. పదింటి నుంచి నాలుగింటి దాకా పిల్లని ఒళ్ళో వేసుకుని, తడిగుడ్డ మార్చుకుంటూ, వీధి వైపు చూస్తూ కూర్చుంది. పదకొండింటికి, పన్నెండున్నరకి, రెండింటికి మళ్ళీ ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. "నాన్న వచ్చేశాడా?" అని లోవ అడుగుతూ ఉంది. మూడున్నర తర్వాత అడగలేదు. నాలుగింటికి సత్యవేణి ఆ మాట దాటి పిల్లని ఎత్తుకుని పరిగెత్తింది. ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు నాడి చూసి, "పొద్దునే తీసుకురావాల్సిందమ్మా" అన్నాడు.

జ్ఞాపకం అక్కడితో అయిపోలేదు. చివరి ముక్క ఈ గదిలోనిదే, ఈ కుర్చీలోనిదే. సత్యవేణి డాక్టర్ ఝాన్సీతో అంటోంది. పేర్రాజు ఆ మాటల్ని తన నోటితో అన్నట్టే విన్నాడు.

"ఆయనన్న ఆ ఒక్క మాట తీసెయ్యండి డాక్టరుగారూ. పిల్లని ఉంచండి. పిల్లతో ఎలాగోలా బతుకుతాను. ఆ మాట ఉంటే మాత్రం ఆయన మొహం చూళ్ళేకపోతున్నాను. అన్నం పెడుతుంటే చెయ్యి రావట్లేదు. ఆయనేమో పాపం, తిండి మానేసి ఏడుస్తున్నాడు. నేనూ వదిలేస్తే చచ్చిపోతాడండి."

"ఒక్క మాట రాదమ్మా. పాపతో అల్లుకుపోయి ఉంది. తీస్తే పాపని కూడా తియ్యాలి."

సత్యవేణి మనసులోనే ఒకసారి లోవ వైపు, ఒకసారి పేర్రాజు వైపు చూసుకోవడం, ఏ చెయ్యి వదలాలో తేల్చుకోలేకపోవడం పేర్రాజుకి లోపల్నుంచి తెలిసింది. ఏ తల్లికీ రాకూడని కష్టం అది.

"అయితే తీసెయ్యండి" అంది.

టోపీ తీసేశాక పేర్రాజు చాలాసేపు లేవలేదు. డాక్టర్ ఝాన్సీ మంచినీళ్ళిచ్చింది. ఇన్నేళ్ళూ ఇంటి కోసం మోస్తున్నది తానే అనుకున్నాడు. ఆవిడ బతుకు కోసం తాను ఏడుపు దాచుకున్నాననుకున్నాడు. తనని బతికించుకోడానికి ఆవిడ కన్నకూతుర్నే తీసి ఇక్కడ పెట్టి, ఖాళీ అయిపోయి ఈ కుర్చీలోంచి లేచి, "ఏంటండీ, అలా చిక్కిపోయారు?" అని అడిగింది. నీళ్ళ గ్లాసు అతని చేతిలో అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. సత్యవేణి మిషను మీద గౌను అంచు మడిచి కుడుతోంది. ఎవరి పిల్లదో. భర్తని చూసి మిషను ఆపింది.

"అయిపోయిందా పని?"

"అయిపోయింది."

"ఏముందండీ అందులో?" అని అడిగి, వెంటనే "చెప్పొద్దు లెండి" అంది. మళ్ళీ ఉండబట్టలేక, "పోనీ ఒక్క ముక్క చెప్పండి. మంచా, చెడ్డా?"

పేర్రాజు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈ మొహాన్ని పొద్దుట్నుంచీ లోపల్నుంచి చూశాడు, ఇప్పుడు బయట్నుంచి చూస్తున్నాడు. చెప్పేద్దామనుకున్నాడు. లోవ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పేరు చెబితే ఆ మాట కూడా చెప్పాలి. ఆ మాట చెబితే ఆవిడ ఇచ్చుకున్నదంతా వృథా అయిపోతుంది.

"నేను నీకు చేసిన తప్పు ఉంది" అన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా తెలియలేదు.

సత్యవేణి గాభరాగా లేచొచ్చి, కొంగుతో అతని మొహం తుడిచింది.

"అయ్యో రామా, దీనికా ఇంత ఏడుపు? నాలుగేళ్ళ కిందటి మాట. ఏం చేశారో నాకు తెలీదు గానీ, క్షమించేశాను పొండి. కాళ్ళు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది."

పేర్రాజు పెరట్లోకెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. క్షమించాల్సిన సత్యవేణి ఈవిడ కాదు. ఆవిడ ఇప్పుడు అతని తలలో ఉంది, కాలిపోతున్న పిల్లని ఒళ్ళో వేసుకుని, వీధి వైపు చూస్తూ. ఆవిడ క్షమించలేదు. ఇక ఎప్పటికీ క్షమించదు కూడా.

"పులుసు ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగింది సత్యవేణి.